మన షేరు ధర ఎందుకు పెరగదు?

వెయ్యి రూపాయలు పెట్టి మన రైతు ఉత్పత్తిదారుల కంపెనీలో షేరు తీసుకుంటే, ఇన్నేళ్లయినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉందేమని చాలామంది అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

స్టాక్ మార్కెట్ షేరును కావాలన్నప్పుడు అమ్ముకోవచ్చు. ఎన్ని షేర్లుంటే అన్ని ఓట్లు. సగం దాటితే పెత్తనం వచ్చేస్తుంది. అందుకే పెత్తనం తెచ్చిపెట్టే షేర్లకు మార్కెట్ ధర కన్నా ఎక్కువే పెడతారు. అమ్ముడుపోవడం కష్టమైన షేరుకు కోత పెడతారు.

మన షేరుకు ఆ రెండూ లేవు. 2002లో కంపెనీల చట్టాన్ని సవరించినప్పుడే కావాలని అలా రాశారు. ఎన్ని షేర్లున్నా సభ్యుడికి ఒకటే ఓటు. బదిలీకి బోర్డు అనుమతి కావాలి, తీసుకునేది క్రియాశీల సభ్యుడే కావాలి, ధర ముఖ విలువే. కాబట్టి ఏ మిర్చి వ్యాపారీ మూటలు తెచ్చి మన కంపెనీని కొనలేడు. పెరగని ధర ఆ భద్రతకు మనం కడుతున్న ఖరీదు. నా లెక్కలో అదేం ఎక్కువ కాదు. మన రాబడి కంపెనీకి అమ్మిన పంటను బట్టి వచ్చే బోనస్‌లో ఉంటుంది.

గుబులల్లా మరోచోట. నియమావళిలో ఎక్కువ రాసుకోకపోతే సర్వసభ్య సమావేశానికి కోరం నాలుగో వంతే. 400 మందిలో 100 మంది వస్తే సభ జరిగినట్టే. అందులో 51 మంది చేతులెత్తితే బోర్డు వాళ్లది. ఒక్క షేరూ కొననక్కర్లేదు!

సభకు 14 రోజుల ముందే నోటీసు, లెక్కలు, డైరెక్టర్లుగా నిలబడేవారి పేర్లు ప్రతి సభ్యుడికీ అందాలి. పోయినసారి అవి అందినవాళ్లు ఒకసారి చేతులెత్తండి.