బండెక్కి పల్లెకు వెళ్లిన బొమ్మలు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చిత్రకళ గురించి నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని ఆదేశించారు. స్కాలర్‌షిప్పుల గురించో, షాదీఖానా కప్పు గురించో అయితే మాకు సులువుగా ఉండేది.

కూచిపూడిలో కళల గురించి మాట్లాడేవారెవరూ తానీషాను తలవకుండా మైకు వదలరు. గోల్కొండ నేలిన అబుల్ హసన్ కుతుబ్‌షా భాగవతుల ఆట చూసి మెచ్చి, ఈ గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని పెద్దలు చెప్పుకుంటూ వస్తున్నారు. మేమూ ఏటా చెప్పుకుంటున్నాం. ఇచ్చిన చెయ్యి మనదని మురిసిపోతాం. మన పిల్లల చేతికి కుంచె ఇచ్చామా అని మాత్రం అడగం.

మక్బూల్ ఫిదా హుసేన్ పేరు మీరంతా విన్నదే. 1915లో పండరీపురంలో పుట్టి, బొంబాయిలో సినిమా హోర్డింగులకు రంగులు వేసి పొట్టపోసుకున్నవాడు. పేరు వచ్చిన తర్వాత రామ్‌మనోహర్ లోహియా ఆయన్ను ఒక మాట అడిగారట. నీ బొమ్మలు టాటా, బిర్లాల ఇళ్లల్లో వేలాడితే చాలా, పల్లెజనం చూడొద్దా, వాళ్లెరిగిన రామాయణం గియ్యరాదా అని. లోహియా 1967లో కన్నుమూశారు గాని, ఆ మాట హుసేన్‌ను వదల్లేదు. హైదరాబాదులో బదరీవిశాల్ పిత్తీగారి అండన కూర్చుని, వాల్మీకినీ తులసీదాసునూ చదివి, కాశీ పండితులను పిలిపించి సందేహాలు తీర్చుకుని, ఏళ్ల తరబడి నూటయాభై కాన్వాసుల దాకా వేశానని ఆయనే చెప్పుకున్నాడు. ఆ బొమ్మలు ఎద్దుబండి ఎక్కి హైదరాబాదు చుట్టుపక్కల పల్లెలకు వెళ్లాయి. టిక్కెట్టు లేదు, గుమ్మం దగ్గర గుర్ఖా లేడు. కన్నేది, ముక్కేది, ఇతడు రాముడని ఎట్లా నమ్మటం అని ఆ పల్లెల్లో ఒక్కరూ అడగలేదట. ఆ ప్రశ్నలన్నీ పట్నం గ్యాలరీల్లో చదువుకున్నవాళ్లు అడిగేవి!

అదే హుసేన్‌కు తర్వాత ఏమయిందో దాచి లాభం లేదు. దేవతల బొమ్మలు నగ్నంగా వేశాడని 1996 నుంచి గొడవలు, కేసులు. 2004లో ఆయన 'మీనాక్షి' సినిమాలో ఒక పాటకు ఖురాన్ మాటలు వాడాడని మనవాళ్లూ లేచారు. సినిమాను హాళ్ల నుంచి తీసేశాడు. 2008లో ఢిల్లీ హైకోర్టు కేసులు కొట్టివేసినా ఆయన ఇక్కడికి తిరిగి రాలేదు. 2011లో లండన్‌లో పోయాడు. ఆయన వేసినవన్నీ మాకు నచ్చాయని కాదు. ఎద్దుబండి మాత్రం నచ్చింది.

ఇదంతా ఎందుకు ఎత్తుకున్నామంటే, మా ఎరుకలో ఒక ఆడపిల్ల ఉంది, తొమ్మిదో తరగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్ల ఖాలా కుటుంబం మేడ మీద చిక్కుపడింది. నీళ్లు తీశాక ఆ ఇంట్లో మిగిలిన బురద తెచ్చింది ఈ పిల్ల. బియ్యం సంచి మీద ఆ బురదే పూసి, వరద వార్తల పేపరు ముక్కలు అంటించి, పైన బొగ్గుతో ఖాలాను గీసింది. తడిసిన రేషన్ కార్డు ఖాలా చేతిలో ఉంది. చూసి మేము చాలాసేపు మాట్లాడలేకపోయాం.

ఆ బొమ్మ ఇప్పుడు వాళ్ల బీరువా వెనక ఉంది. "ఏం భాయ్, బయట పెట్టరాదా?" అంటే, "మనిషి బొమ్మ కదా సాబ్, జమాత్‌లో ఏమంటారో" అన్నాడు తండ్రి.

ఆయన భయాన్ని మేము తేలిక చేయం. ప్రాణమున్నవాటి బొమ్మల విషయంలో ఉలమాల మధ్య భేదాభిప్రాయాలు ఉన్నాయి. మసీదులో పెట్టమని ఎవరూ అనటం లేదు. అయితే మన జేబులో ఫోటో ఉన్న ఆధార్ కార్డు ఉంది, పెళ్లికి వీడియో ఉంది; ఆ పిల్ల బొగ్గుగీత దగ్గరే మనకు దీన్ గుర్తుకొస్తే ఎట్లా?

ఇంకొక సంగతి. మచిలీపట్నం, పెడనల కలంకారీలో 'కలం' మన పారసీ మాటే. కరక్కాయ నీళ్లలో ముంచిన గుడ్డ మీద, ఇనపతుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నల్లరంగుతో, చెక్క అచ్చులతో లతలూ పువ్వులూ అద్ది, మన తాతలు కూడా ఆ పనిలో బతికారు. ఆ అచ్చులు ఇంట్లో మూలపడి ఉన్నవారు దయచేసి పారేయకండి, తీసుకురండి.

పిల్లల బొమ్మలకూ ఆ అచ్చులకూ షాదీఖానా హాలు రెండు రోజులు ఇవ్వాలని తీర్మానం రాసి కార్యదర్శిగారికి అందజేశాం. అద్దె మాఫీ చేయమనీ అడిగాం. అభ్యంతరం ఉన్నవారు పేరుతో రాసి ఇవ్వండి, కూర్చుని మాట్లాడుకుందాం. ఆ పిల్ల నాన్న వెనక వరుసలోనే ఉన్నారు. భోజనాల దగ్గర ఆయన్ను ఒక్కసారి పలకరించి పోండి.