అవటు గ్రంథి – దేహభారం

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన తల్లుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బది ఐదు సంవత్సరాలుగా ఈ గంజాం సీమలో తెలుగు అక్షరదీపం ఆరిపోకుండా కాపాడుకొంటూ వస్తున్న బడి మనది. అక్షరాన్ని అందుకొనే దేహం ఆరోగ్యంగా ఉన్నప్పుడే చదువు రాణిస్తుంది. అందుచేత నేడు మన ఇండ్లలో తరచుగా వినవస్తున్న థైరాయిడ్‌ను గూర్చి, దేహభారంతో దానికి గల సంబంధాన్ని గూర్చి నాలుగు మాటలు మనవి చేస్తాను.

మెడ ముందు భాగాన, శ్వాసనాళాన్ని ఆనుకొని, సీతాకోకచిలుక ఆకారంలో ఉండేది అవటు గ్రంథి. దాని బరువు సుమారు 20 గ్రాములు. అయినా దేహమనే పొయ్యిలో మంట ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. అది స్రవించే థైరాక్సిన్ తగ్గితే జీవక్రియ మందగిస్తుంది. అలసట, చలికి ఓర్వలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, జుట్టు రాలడం, బరువు పెరగడం కనిపిస్తాయి. థైరాక్సిన్ హెచ్చితే ఎంత తిన్నా మనిషి చిక్కిపోతాడు. గుండెదడ, చేతుల వణుకు కలుగుతాయి. థైరాక్సిన్ తగ్గినపుడు మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి టి.ఎస్.హెచ్. అనే ప్రేరకాన్ని అధికంగా పంపుతుంది. రక్తపరీక్షలో వైద్యులు ముందుగా చూసేది దానినే.

అయితే లావు కనబడిన ప్రతిచోటా థైరాయిడ్‌ను నిందించడం తగదు. ఈ గ్రంథి మందగించడం వలన పెరిగే బరువు సాధారణంగా రెండు మొదలు ఐదు కిలోల వరకే ఉంటుంది. అందులోనూ చాలా భాగం దేహంలో నిలిచిపోయిన ఉప్పు, నీరు. ఇరవై కిలోలు పెరిగినవారు ఆహారాన్నీ, వ్యాయామాన్నీ, నిద్రనూ కూడా పరిశీలించుకోవాలి. పైగా స్థూలకాయం వలన టి.ఎస్.హెచ్. స్వల్పంగా పెరగడమూ కద్దు. బరువు తగ్గితే అదీ తగ్గుతుంది. కనుక ఏది కారణమో, ఏది కార్యమో తేల్చవలసినది వైద్యులే.

పిల్లల విషయంలో మరొక గుర్తు ఉంది. లావుగా ఉన్నా ఈడుకు తగిన ఎత్తు పెరుగుతున్న బిడ్డకు థైరాయిడ్ లోపం ఉండడం అరుదు. బొద్దుగా అవుతూ ఎత్తు నిలిచిపోతే మాత్రం ఆలస్యం చేయరాదు. కొన్నేళ్ళ క్రితం ఆరవ తరగతి బాలిక ఒకతె పాఠం మధ్యలో కునుకుతూ ఉండేది. తోటివారు వెక్కిరించేవారు, ఇంటివారు బద్ధకమనుకొన్నారు. ఏడాదిలో ఆమె ఎత్తు ఏ మాత్రమూ పెరగలేదని మా వ్యాయామోపాధ్యాయిని పట్టికలో గమనించి తల్లికి చెప్పారు. పరీక్షలో లోపం బయటపడింది. రోజుకొక మాత్రతో మరుసటి సంవత్సరానికి ఆమె ఎత్తూ పెరిగింది, ప్రశ్న అడిగితే చేయెత్తడమూ మొదలుపెట్టింది. మందబుద్ధి అనే ముద్ర వేయడానికి ముందు ఒక్క రక్తపరీక్ష చేయించడం పెద్దల ధర్మం.

ఇక ఆడపిల్లలకు ఒక హెచ్చరిక. సన్నబడాలని అమ్మ వాడే థైరాయిడ్ మాత్రలు మ్రింగకండి. లోపం లేనివారు వాటిని వాడితే గుండె లయ తప్పుతుంది, ఎముకలు బలహీనపడతాయి. లోపం ఉన్నవారు మాత్రం వైద్యుని సలహాపై, ఉదయం పరగడుపున, క్రమం తప్పక వాడాలి. గర్భిణులు మానరాదు, కడుపులోని శిశువు మెదడు ఎదుగుదలకు తల్లి థైరాక్సిన్ అవసరం.

థైరాక్సిన్ తయారు కావడానికి అయోడిన్ కావాలి. పెద్దలకు రోజుకు 150 మైక్రోగ్రాములు చాలు. శ్రీకాకుళంలో 1921లో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి, 1956లో ప్రారంభమైన కాంగ్రా లోయ పరిశోధనలో, అయోడిన్ కలిపిన ఉప్పుతో గళగండాన్ని నివారించవచ్చునని నిరూపించారు. 1962లో భారత ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ కార్యక్రమాన్ని చేపట్టింది. మనం ఉప్పుమళ్ళ చేరువనే ఉన్నాం గనుక కొరత లేదనుకోరాదు. ఆరబెట్టిన సముద్రపు ఉప్పులో అయోడిన్ అత్యల్పం. ఊరగాయకు కల్లుప్పు వాడినా, నిత్యం వంటకు అయోడిన్ ఉప్పే వాడండి. తడి తగలకుండా మూతపెట్టి ఉంచండి. అయితే నేటి పెద్దలలో ఈ లోపం చాలామందికి దేహ రక్షణశక్తి తన గ్రంథినే దెబ్బతీయడం వలన వస్తున్నది. అధికంగా ఉప్పు తింటే అది నయం కాదు.

తల్లులారా! ప్రతి ఏటా పుట్టినరోజున బిడ్డ ఎత్తును, బరువును ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. ఖర్చు లేని ఆ రెండు అంకెలు ఒక బిడ్డ భవిష్యత్తును కాపాడగలవు.