వానకాలంలో పెరటి కూర



శరదృతువు అంటే పుస్తకాల్లో తేటనీళ్ళు, పండువెన్నెల. మన నెల్లూరు తీరంలో మాత్రం శరత్తు అంటే వాన. ఏడాదిలో పడే వర్షంలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపల ఈశాన్య రుతుపవనాలే తెస్తాయి. వాయుగుండాలూ అప్పుడే, నారుమళ్ళూ నాట్లూ అప్పుడే. ఒళ్ళు హూనమయ్యే ఆ రోజుల్లోనే మన ఇళ్ళలో కూర తగ్గిపోతుంది. అన్నం, ఊరగాయ, మజ్జిగ. అంతటితో సరి.

కిందటేడు ఇందుకూరుపేట వైపు ఒక పొలం గట్టున నిలబడి ఎరువు మోతాదు చెబుతున్నాను. నాటు వేస్తున్న ఒక తల్లి కళ్ళు తిరిగి గట్టున కూలబడింది. రక్తం తక్కువగా వుందని ఆసుపత్రిలో అంతకుముందే చెప్పి మాత్రలిచ్చారట. "ఆకుకూరలు తినడం లేదా అమ్మా?" అని అడిగాను. "ఈ వానల్లో కూరాకు యాడ దొరకద్ది సార్? దొరికినా మేం కొనగలమా?" అంది. సాయంత్రం వాళ్ళింటికి వెళితే పెరట్లో మునగచెట్టు! నరికిన కొమ్మలు గేదె ముందు పడివున్నాయి. గేదెకు మునగాకు, మనిషికి మాత్ర. అందరం నవ్వాం గాని, తప్పు నాది కూడా. ఏళ్ళ తరబడి ఆ వూరు తిరిగి పైరులో జింకు లోపం కనిపెట్టిన నేను, ఇంట్లో ఏం వండుతున్నారని ఏనాడూ అడగలేదు.

మాత్రలు మానమని కాదు. మాత్రా వేసుకోవాలి, ఆకూ తినాలి. అయితే ఆకుకూరలోని ఇనుము ఒంటికి సులభంగా పట్టదు. సి విటమిను తోడైతే బాగా పడుతుంది. ఆ తోడు ఈ కాలంలో చవకగా దొరుకుతుంది. ఉసిరికాయలో అది నిమ్మకాయలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. కార్తీకమాసంలో ఆ చెట్టు కింద వనభోజనం చేసి, కాయను మాత్రం చెట్టుకే వదిలి వస్తాం! నిమ్మ సంగతి మీకు చెప్పాలా? గూడూరు, పొదలకూరు మార్కెట్లలో వేసవిలో మండిన ధర వానల్లో దిగిపోతుంది. ధర లేదని తోటలో వదిలేసే కాయలు నాలుగు ఇంటికి తెచ్చుకోండి. కూర దించిన తరువాత పిండండి. ఉడికితే సి విటమిను చాలావరకు పోతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే ఇనుము పట్టడం తగ్గుతుంది. నాట్ల దగ్గరికి టీ వచ్చే వేళ ఒక గంట వెనక్కు జరపండి.

మునగాకు, తోటకూర, పండిన గుమ్మడి పిల్లలను రేచీకటి నుంచి కాపాడే ఏ విటమినుకు ఆధారాలు. వీటికి కాస్త నూనె తగలాలి, లేకపోతే ఒంటికి పట్టదు. ఇసుక నేలల్లో ఇప్పుడు చేతికొచ్చే చిలగడదుంప, అదే మన గెనుసుగడ్డ, లోపల నారింజరంగు వుంటే ఈ పనికి వస్తుంది. తెల్లగడ్డ బలానికే. చక్కెర జబ్బు వున్నవారు గడ్డ తిన్నపూట అన్నం తగ్గించుకోవాలి. తాటి గేగుల్లో పీచు మెండు.

2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర రహదారి, రైలుమార్గం దెబ్బతిన్నాయి గదా. బండ్లు ఆగిన అలాంటి రోజుల్లో అటక మీద ముదురు గుమ్మడికాయ వుంటే ఇంటికి అదే అంగడి. కాయకు తొడిమ వుంచి కోస్తే నెలల తరబడి నిలుస్తుంది. వరదనీట మునిగిన ఆకుకూర మాత్రం ఎంత కడిగినా తినవద్దు.

ఆ తల్లి ఇంట్లో ఇప్పుడు లేత మునగ రెమ్మలు పొయ్యి దగ్గరికి, ముదురు కొమ్మలు గేదె దగ్గరికి పోతున్నాయి. తోటకూర కూడా వేస్తానంటోంది. ఇది భాద్రపదం. పెద్ద వానలు పడేలోగా నీరు నిలవకుండా జానెడెత్తు మడి కట్టండి. తోటకూర గింజ మరీ సన్నం కనుక పొడి ఇసుకతో కలిపి పలచగా చల్లండి. నెల తిరిగేసరికి కోతకు వస్తుంది.