పాతబస్తీ గాలి – పల్లె బాధ్యత
(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)

పంచాయతీ సభ్యులారా!

హైదరాబాదు పాతబస్తీ గాలిని గూర్చి పల్లెవారికి చెప్పనేల యని మీలో కొందరు తలపవచ్చును. మన జిల్లాల బస్సులు పెక్కు మూసీ నడుమనున్న మహాత్మాగాంధీ బస్ స్టేషనునకు చేరుచున్నవి. మన కూరగాయలు మీరాలంమండికి పోవుచున్నవి. పెండ్లి గాజులకు లాడ్ బజారునకును, రోగము ముదిరిన ఉస్మానియా ఆసుపత్రికిని మనమే పోవుచున్నాము. అచ్చటి పొగలో కొంత మన బండ్లు విడిచినదే.

1591లో చార్మినారు కట్టిననాడు ఆ వీథులలో మోటారు బండ్లు లేవు. నేడు పత్తర్‌గట్టి, మదీనా ప్రాంతములలో ఆటోలును, సరకు బండ్లును అడుగడుగున ఆగి కదలుచుండును. బండి ఆగినను ఇంజను పొగ విడుచుచునే యుండును. ఇరుకు వీథికి ఇరువైపుల మేడలుండుటచే ఆ పొగ త్వరగా చెదరదు. దినమంతయు అంగడిలో కూర్చుండు వర్తకుడును, తోపుడుబండి కూలియు, బడిపిల్లలును దానినే పీల్చుచున్నారు.

విద్యుత్ వాహనమునకు పొగగొట్టము లేదు. కార్బన్ మోనాక్సైడు, నైట్రోజన్ ఆక్సైడులు, డీజిలు మసి ఆ వీథిలో వెలువడవు. 2019లో రాష్ట్ర ఆర్టీసీ 40 విద్యుత్ బస్సులను విమానాశ్రయ మార్గములందు ప్రవేశపెట్టెను. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వము విద్యుత్ వాహనములకు 2026 డిసెంబరు 31 వరకు రహదారి పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించెను.

అయితే ధూళి సంగతి వేరు. పది మైక్రోమీటర్లకు మించని ధూళి, సంవత్సరపు సగటున, ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటరాదని 2009 నాటి జాతీయ ప్రమాణము. ఈ ధూళి కారణముగనే హైదరాబాదు 2019 నాటి జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమమున చేరవలసివచ్చెను. విద్యుత్ బండిలో మోటారే వేగమును తగ్గించును గనుక బ్రేకుల అరుగుదల కొంత తగ్గును. టైర్ల పొడి, రోడ్డు దుమ్ము, కట్టడముల మట్టి మాత్రము పోవు. కావున వీథులు ఊడ్చుట, మట్టి లారీలపై పట్టా కప్పుట యెప్పటివలెనే అవసరము.

ఇక మనకు మరింత దగ్గరి విషయము. బ్యాటరీలోని విద్యుత్తు ఎచ్చటిది? అందు పెద్దభాగము రామగుండము, పాల్వంచ, మణుగూరు వంటిచోట్ల బొగ్గు మండించి పుట్టించునదే. వేలాది బండ్ల పొగకంటె ఒక కేంద్రపు పొగను వడగట్టుట సులభమే. ఐనను బూడిద చెఱువులు పల్లెల చెంతనే యున్నవి. పట్టణపు గాలి బాగుపడుటకై పల్లె ప్రజల ఊపిరిని బలిపెట్టరాదు.

మీరు చేయదగిన పనులు మూడు కలవు. బొగ్గు కేంద్రము వచ్చుచోట, 2006 నోటిఫికేషను ననుసరించి ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తప్పక హాజరుకండు. బూడిదను గూర్చియు, నీటిని గూర్చియు అడిగి, జవాబులను వ్రాతమూలకముగా నమోదు చేయింపుడు. పంచాయతీ కార్యాలయము, పాఠశాలల కప్పులపై సౌర ఫలకముల కొరకు తీర్మానింపుడు. ఊరి ఆటోలకు పగటిపూట ఆ విద్యుత్తునే ఎక్కించుకొనవచ్చును. పాత బ్యాటరీలను చెత్తకుప్పలో పడవేయనీయకుడు. 2022 నిబంధనల ప్రకారము వానిని తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులది.

ఈ మూడింటిని రాబోవు గ్రామసభ ఎదుట ఉంచుడని కోరుచున్నాను.