మందులకు లొంగని క్రిములు – మన కణాల మరణం

(వడమాలపేటలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. అయినా ఈ విషయం నా ఒంటిమీదికి వచ్చింది కనుక చెబుతున్నాను. పోయినేడు మూత్రంలో మంట వస్తే మందులంగడిలో అడిగి మాత్రలు తెచ్చుకున్నాను. మూడు రోజులకు తగ్గింది, మానేశాను. నెలకు మళ్లీ వచ్చింది, మళ్లీ అవే మాత్రలు. మూడోసారి చలిజ్వరంతో తిరుపతికి తీసుకుపోయారు. కల్చర్ రిపోర్టులో చాలా మందుల పేర్ల ఎదురుగా 'ఆర్' అని ఉంది. అంటే ఆ మందుకు క్రిమి లొంగదని అర్థం. పదకొండు రోజులు మంచంమీదున్నాను.

అక్కడి డాక్టరుగారు ఒక మాటన్నారు. "క్రిమి చేసే నష్టం కొంతేనండీ, దానితో మీ ఒళ్లు చేసే పోరాటం కూడా కిడ్నీలను దెబ్బ తీస్తోంది." అది అర్థం కాక మా మనవరాలిని వేధించి తెలుసుకున్నాను.

క్రిమిని పసిగట్టగానే మన కణాలు సైటోకైన్లనే సంకేతాలు పంపుతాయి. క్రిమి చొరబడిన కణం తానే చచ్చి, దానికి చోటు లేకుండా చేస్తుంది. అపోప్టోసిస్ అనే చావులో కణం చప్పుడు లేకుండా ముడుచుకుపోతుంది. పైరోప్టోసిస్, నెక్రోప్టోసిస్‌లలో పగిలిపోయి వాపు పెంచుతుంది. ఇవి వేర్వేరు దారులని అనుకునేవారు. మూడూ కలిసి నడవగలవని చూపి, 2019లో దానికి పానాప్టోసిస్ అని పేరు పెట్టింది మన తెలుగామె, డాక్టర్ కన్నెగంటి తిరుమలాదేవి, ఆమె బృందం. ఉస్మానియాలో పిహెచ్‌డి చేసి, అమెరికాలోని సెయింట్ జూడ్ ఆసుపత్రి పరిశోధనశాలకు వెళ్లారు. సినిమావాళ్ల పేర్లు తెలిసినంతగా ఈమె పేరు తెలియనందుకు నాకు సిగ్గేసింది.

టిఎన్ఎఫ్, గామా ఇంటర్‌ఫెరాన్ అనే రెండు సంకేతాలు కలిస్తే ఈ చావులు చెలరేగుతాయనీ, రెండింటినీ అడ్డుకుంటే సెప్సిస్ వచ్చిన ఎలుకలు బతికాయనీ 2021లో వారే చూపారు. ఎలుకల మాట సుమండీ!

మందు పనిచేస్తే క్రిమి తగ్గి సంకేతాలూ సద్దుమణుగుతాయి. లొంగని క్రిమి అయితే పోరు ఆగదు, మంచి కణాలూ దెబ్బతింటాయి. మన వయసుకు, అందులో షుగరుంటే, తట్టుకోవడం మరీ కష్టం. 2019లో ఇలాంటి బాక్టీరియా వల్లనే ప్రపంచంలో సుమారు 12.7 లక్షల మంది పోయారని అంచనా.

ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు పరిగెత్తుతాం. కట్టు విప్పమనేదాకా విప్పం. మాత్రల దగ్గర మాత్రం మనమే డాక్టర్లం.

చీటీ లేకుండా వాడకూడని మందుల అట్టమీద ఎర్ర గీత ఉంటుంది. దాన్ని గమనించమని 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రచారం కూడా చేసింది. నేను వాడిన అట్ట ఇంట్లో వెతికి తెచ్చాను. గీత ఉంది, నేనే చూడలేదు. ఇదిగో, చూసి పక్కవారికి అందించండి.