మాస్కు మీది, సిలిండర్ అద్దెది

విశాఖ రుషికొండలోనో, అండమాన్ స్వరాజ్ ద్వీప్‌లోనో స్కూబా డైవింగ్ నేర్చుకోబోతున్నారా? సామగ్రి అంతా ముందే కొనేయకండి. మొదట మాస్కు ఒక్కటి సొంతంగా ఉంటే చాలు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో మెల్లగా గాలి పీల్చండి. జారకుండా నిలిస్తే అది మీకు సరిపోయినట్లే. అతకని మాస్కులోకి నీళ్లు చేరితే కొత్తవారు కంగారు పడతారు.

సిలిండర్, రెగ్యులేటర్, గాలి నింపే జాకెట్ అద్దెకు తీసుకోండి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు. అక్కడ మీ ఊపిరికి ఆధారం రెగ్యులేటరే. చివరిసారి ఎప్పుడు సర్వీసింగ్ చేయించారో మొహమాటం లేకుండా అడగండి. ఒడ్డునే దానితో గాలి పీల్చి చూడండి. అలవాటయ్యాక, మీకేది నప్పుతుందో తెలిశాక మిగతావి కొనుక్కోవచ్చు. సొంతదైనా, అద్దెదైనా పరీక్షించకుండా నీళ్లలోకి దిగకండి.