కుడా, ఎడమా? రాయండి

 

కొత్త డాక్టర్లు పట్టా అందుకునే ఇలాంటి సభల్లో సేవ గురించి, త్యాగం గురించి చెప్పడం ఆనవాయితీ. నేను గైనకాలజిస్టును. ఓవరీ టార్షన్ గురించి, అంటే అండాశయం మెలిపడటం గురించి, దాన్ని కేస్ షీట్‌లో ఎలా రాయాలో చెబుతాను.

అర్ధరాత్రి క్యాజువాలిటీకి ఓ అమ్మాయి వస్తుంది. పొత్తికడుపులో కుడివైపు ఉన్నట్టుండి నొప్పి, వాంతులు. ప్రెగ్నెన్సీ టెస్ట్ నెగటివ్. స్కాన్‌లో ఉబ్బిన అండాశయం, దానిమీద ఆరు సెంటీమీటర్ల సిస్టు. డాప్లర్‌లో రక్తప్రసరణ కనిపించింది కదా అని ధీమాగా ఇంటికి పంపేస్తారు. అక్కడే దెబ్బతింటాం. మెలిపడ్డప్పుడు ముందుగా నొక్కుకుపోయేవి పల్చటి గోడలున్న సిరలు. ధమనులు కొంతసేపు తట్టుకుంటాయి. పైగా అండాశయానికి రెండు దారుల్లో రక్తం అందుతుంది. డాప్లర్ బాగున్నా టార్షన్ ఉండొచ్చు. అనుమానం బలంగా ఉంటే లాపరోస్కోపీ చేసి చూడాల్సిందే.

లోపల అండాశయం నల్లగా కనిపిస్తే తీసేయాలనిపిస్తుంది. తొందరపడకండి, మెలిక విప్పండి. నల్లబడ్డవి కూడా చాలావరకు కోలుకుంటాయి. టీనేజీ అమ్మాయిల విషయంలో రంగు ఎలా ఉన్నా విప్పి కాపాడమనే అమెరికా గైనకాలజిస్టుల సంఘం ఏసీఓజీ 2019లో చెప్పింది.

ఇక రాత పని. మీలో కొందరు అమెరికా వెళ్తారు. అక్కడ మీరు రాసిన నోట్ హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేసే, అంటే బీమా బిల్లు కోసం డాక్టర్ల నోట్‌లను కోడ్‌లుగా మార్చే, ఏ ఫార్మసీ గ్రాడ్యుయేట్ ముందుకో రావచ్చు. మీరు చూసిన అండాశయం ఆమెకు కనిపించదు, మీ వాక్యమే కనిపిస్తుంది. ఉత్త 'ఓవరీ టార్షన్' అని వదిలేస్తే జబ్బుల కోడ్‌ల జాబితాలో ఎన్83.519, ఏ వైపో తెలియని కోడ్. కుడి అని రాస్తే ఎన్83.511, ఎడమ అయితే ఎన్83.512. ఫాలోపియన్ ట్యూబు కూడా కలిసి మెలిపడితే ఎన్83.53. ఓపీ నోట్‌లో 'టార్షన్ అనుమానం' అని ఆపేస్తే ఆమె టార్షన్ కోడ్ వేయకూడదు, నొప్పికే వేయాలి. స్కాన్‌లో కుడి, ఆపరేషన్ నోట్‌లో ఎడమ ఉంటే మీకే ప్రశ్న పంపుతుంది, పంపాలి కూడా.

ఇందులో ఒక వింత ఉంది. లాపరోస్కోపీలో అండాశయం తీసేస్తే, చేసిన వైద్యానికి కోడ్‌లిచ్చే సీపీటీ జాబితాలో 58661 సిద్ధంగా ఉంది. మెలిక విప్పి కాపాడితే మాత్రం దానికంటూ కోడ్ లేదు. జాబితాలో లేని పనులకిచ్చే 58679 వాడాలి. మేలైన వైద్యానికి సొంత కోడ్ లేకపోవడం నాకు అన్యాయంగానే తోస్తుంది. అప్పుడు బీమా కంపెనీకి ఆధారం మీ ఆపరేషన్ నోట్ ఒక్కటే.

ఇక్కడే ఉండిపోయే వాళ్లకూ ఇదే మాట. టార్షన్ మళ్లీ రావచ్చు. అప్పుడు ఆపరేషన్ చేసే డాక్టరుకు మీ కాగితమే దిక్కు. అందుకే గ్లవ్స్ తీసిన వెంటనే, టీ తాగకముందే రాయండి: ఏ వైపు, ఓవరీయా ట్యూబా రెండూనా, ఎన్ని చుట్లు, విప్పాక రంగు మారిందా, సిస్టును ఏం చేశారు. ఆ నోట్‌ను హౌస్ సర్జన్ మీదకు నెట్టకండి, మీ చేత్తో మీరే రాయండి.